పడకకి, రోజుకి

ఫారంలో పద్దెనిమిది గడులు.
టెక్కలిలో బస్సు దిగి
చెగోడీలు అయిపోయిన పొట్లం కాగితం వెనక
పని ఏమిటో నాకు నేనే రాసుకున్నాను:
మూడు ఆస్పత్రులు, పన్నెండు రోజులు,
ఒక పడక మీద ఒక మనిషి ఒక రోజు పడుకుంటే
ఎంతవుతుంది.
'ఎవరికి' అన్న మాట అప్పటికి తోచలేదు.

పెద్దాస్పత్రిలో వంద పడకలు,
నూట ముప్పై తొమ్మిది మంది.
కాలిక్యులేటర్ ఒప్పుకుంది,
ఫారం ఒప్పుకోలేదు, నూరు శాతం దాటకూడదట.
మిగిలిన ముప్పై తొమ్మిది మందినీ
చాపలతో, గ్లాసులతో, తెచ్చుకున్న టేబుల్ ఫ్యాన్లతో సహా
వరండాలోనే వదిలేసి
కింది గడికి దిగాను.
జీతాలు. కరెంటు. దూది.
జనరేటర్‌కి డీజిల్.
చెడిపోయిన ఎక్స్‌రే మిషన్‌కి
కప్పిన దుప్పటి.

సోంపేట దారిలో ట్రస్టు ఆస్పత్రి.
లెక్కలు చూసే బిసాయి గారు
పాత కవర్లు తిరగేసి వాటి మీద పద్దులు రాస్తారు.
రక్తం వడకట్టే గొట్టాల్ని మందునీళ్ళతో కడిగి
వరసగా అరలో నిలబెట్టారు,
ఒక్కోదాని మీద ఒక్కో పేరు.
బమ్మిడి దమయంతి, ఐదోసారి.
"ఆరు దాటితే పారేస్తామండీ" అన్నారాయన,
ఇంట్లో చీపురు గురించి చెప్పినట్టు.
ఖర్చు తక్కువ. సామర్థ్యం గడిలో
ఏం రాయాలో తోచక
ఆయన్నే అడిగాను.
ఆయన కిటికీలోంచి జీడితోట వైపు చూశారు.

కాశీబుగ్గలో నాలుగంతస్తుల నర్సింగ్ హోమ్.
కాఫీ వచ్చింది. అంకెలు ముందే అచ్చేసి ఉన్నాయి.
ఒక్కో రోగి సగటున రెండు రోజులు,
పడక ఖాళీ అయ్యాక దుప్పటి మార్చడానికి పదకొండు నిమిషాలు,
మరణాలు సున్నా.
ఆ సున్నా ఎంత గుండ్రంగా ఉందంటే
మళ్ళీ మళ్ళీ చూడబుద్ధేసింది.

కింద టీ బడ్డీ దగ్గర
అంబులెన్సు తోలే ఢిల్లేశ్వర్రావు
బీడీ ఆర్పి అన్నాడు:
"రాత్రి రెండు దాటేక నాను తోల్తాను బాబూ.
ఊపిరుండగానే ఎక్కించీమంటారు.
పెద్దాస్పత్రి గేటు దాటేక పోతే
అది ఆలి కాతా.
ముందే పోతేనా,
అది నా కాతా. బండి కడుక్కోవాల."

ఆ రాత్రి లాడ్జిలో
మూడు కాగితాలూ మంచం మీద పరిచాను.
ఒకరి దగ్గర తగ్గిన ఖర్చు
ఎక్కడికీ పోలేదు,
రోడ్డు దాటి పక్కవాడి పద్దులో పడుకుంది.
అక్కడా చోటు లేకపోతే
వరండాలో.

తిరుగు బస్సులో దమయంతి నా పక్క సీటు.
గొట్టం మీద చదివిన పేరుకి మొహం దొరికింది.
జీడిపిక్కల కార్ఖానాలో చేసేది,
వేళ్ళ చివర్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.
"మాకు ఉచితమే బావూ" అంది.
"వారానికి రెండుసార్లు ఆటో, బస్సు,
నాకు తోడొస్తే మా ఆడబిడ్డకి కూలి పోతాది,
ఇంటికెల్లి పడుకుంటే తెల్లారీదాకా లెగలేను,
అది తప్ప అంతా ఉచితమే."
నవ్విందో, దగ్గిందో.
తర్వాత ముంజేయి చాపింది.
"ఇటు సూడు, సెయ్యేసి సూడు."
ఉబ్బిన నరం కింద
సన్నగా మోటారు ఆడుతోంది,
బస్సు ఆగినా ఆగలేదు.
కరెంటు ఖర్చు ఎన్నో గడి?
ఏడా, ఎనిమిదా?
నా వేళ్ళు తీసుకోవడం మరిచిపోయాను.

రిపోర్టు ఇచ్చాను. నర్సింగ్ హోమ్ మొదటి స్థానం.
పెద్దాస్పత్రికి ఎర్ర సిరాతో సంజాయిషీ.
నా ప్రయాణ భత్యం వారంలో శాంక్షనయింది,
గుండుసూదితో గుచ్చిన టిక్కెట్టు చూసి.
అదే బస్సు, అదే చార్జీ.
ఆమె టిక్కెట్టుని నాలుగు మడతలు పెట్టి
గిలగిల కొట్టుకుంటున్న కిటికీ అద్దం సందులో
దోపింది.
పలాస దాకా అద్దం చప్పుడు చెయ్యలేదు.